జంట పరీక్ష

మీరంతా నా వెనకాల నన్ను ఉపోద్ఘాతం అని పిలుచుకుంటారని నాకు తెలుసు. కోపమేం లేదు. గ్లాసుడు మంచినీళ్ళు అడగాలన్నా, ఆ దాహం ఎలా మొదలైందో చెప్పందే నాకు తోచదు. మా ఆవిడ అయితే అంతా విని, చివర్లో నీళ్ళు ఇస్తుంది.

మా ఆవిడ పిల్లల వార్డులో నర్సు. పదకొండేళ్ళుగా రాత్రి డ్యూటీ. ఈ మధ్య కొత్త నర్సులకి పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పగటి ఉద్యోగం. కాకపోతే ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి పాసవ్వాలి. సూది చూసి గుక్కపెట్టే పిల్లల్ని రెండు మాటల్తో నవ్వించే మనిషి, పరీక్ష పెట్టే పెద్దలముందు మాత్రం పెదవి విప్పదు. రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ‘యెస్’, ‘నో’ చెప్పి వచ్చేసింది. మూడోసారి తప్పితే మళ్ళీ రానివ్వరు.

ఆ పరీక్షకి ఇద్దరిద్దర్ని కూర్చోబెడతారు. ఒక విషయం ఇచ్చి, నాలుగు నిమిషాలు మాట్లాడుకుని తేల్చమంటారు. జోడీ ఎవరో మనమే రాసివ్వొచ్చు. మార్కులు ఇద్దరికీ వేస్తారు.

"నాతో మీరు కూర్చుంటారా?" అంది ఓ రోజు, బట్టలు మడతపెడుతూ. నేనూ ఆ ఆస్పత్రిలోనే రికార్డుల గదిలో గుమస్తాని కదా, ఉద్యోగులెవరైనా రాయొచ్చు.

"నేనెందుకోయ్? మీ వార్డులో ఆ గలగల సిస్టర్ ఉందిగా."

"మీ అంత ఇంగ్లీషు ఆవిడకెక్కడిదండీ."

ఆ మాటతో జానెడు పొడుగు పెరిగాను. అక్కడికక్కడే పథకం వేసేశాను. నాలుగు నిమిషాల్లో మూడున్నర నేనే మాట్లాడాలి. ఈవిడకి ‘యెస్’ అనేంత చోటు వదలాలి. నా ధాటి చూసి పక్కనున్నందుకు ఈవిణ్ణీ పాస్ చేసేస్తారు.

మర్నాడే ఓ పుస్తకం కొన్నాను. మాటకీ మాటకీ అతుకులేసే పెద్ద పెద్ద మాటలన్నీ అందులో ఉన్నాయి. ఫర్దర్‌మోర్, నెవర్‌దిలెస్, నాట్‌విత్‌స్టాండింగ్, హావింగ్ సెడ్ దట్. మొత్తం నలభై. పది రోజుల్లో కంఠతా పట్టి, ఇంట్లో అభ్యాసం మొదలెట్టాను.

"ఏమోయ్, కుళాయి కారుతోంది అని ఊరికే చెప్పకూడదు. టు బిగిన్ విత్, కుళాయి కారుతోంది. ఫర్దర్‌మోర్, బకెట్ నిండింది. కాన్సిక్వెంట్లీ..."

"మీరు కాన్సిక్వెంట్లీ దాకా వచ్చేసరికి కింద వాటావాళ్ళు గొడుగులు తీస్తారు. ముందు కుళాయి కట్టెయ్యండి."

"నీకు పరీక్షంటే భయం లేదే!"

"బోలెడుంది. కట్టెయ్యండి."

పరీక్ష రోజు వచ్చింది. బల్లకి అవతల కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన, తలెత్తకుండా రాసుకునే మేడమ్ ఒకావిడ. మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతిని నలుపుతోంది. నాకు జాలేసింది. కంగారు పడకు, నేనున్నాగా అన్నట్టు తలూపాను.

విషయం ఏమిటంటే, ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, దాన్ని ఏం చేద్దాం?

ఇక నేను మొదలెట్టాను చూడండి. టు బిగిన్ విత్ గది అన్నది ముఖ్యం. ఫర్దర్‌మోర్ ఖాళీ గది ఇంకా ముఖ్యం. నెవర్‌దిలెస్ గోడలుండాలి. ఆన్ ది అదర్ హ్యాండ్ తలుపూ ఉండాలి. నాట్‌విత్‌స్టాండింగ్ దగ్గర కళ్ళజోడాయన గడియారం చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకుని గుక్క తిప్పుకోకుండా ఇంకో ఆరు వదిలాను.

అప్పుడు మా ఆవిడకేసి చూశాను. ముఖం పాలిపోయి ఉంది. నాలుగు నిమిషాల్లో రెండున్నర నేనే మింగేశాను. ఈవిడ నోరు విప్పకపోతే ఎవరు మాత్రం ఏం చూసి మార్కులేస్తారు? ఆ చిన్న సంగతి నాకప్పటిదాకా తట్టలేదు. ఆగుదామనుకున్నాను. ఆ నలభైలో ముందుకు తోసేవే తప్ప, ఆపి పక్కవాళ్ళకి మాట అందించేది ఒక్కటీ నేను నేర్చుకోలేదు. పదకొండేళ్ళ రాత్రుల్ని నా చేత్తో పొడిగిస్తున్నానని తెలుస్తూనే, ‘మోరోవర్’ అంటున్నాను.

మా ఆవిడ నా మణికట్టు మీద చెయ్యేసింది. ఇంగ్లీషులోనే అంది, మీకు తెలుగులో చెబుతున్నా.

"ఒక్క నిమిషం ఆగండి. ఇందాక చప్పుడు లేని గది కావాలన్నారు. ఎవరికి?"

నేను అన్నానట, నాకు గుర్తే లేదు. కానీ అడిగింది కదా, జవాబు చెప్పాలి. ఎంత వెతికినా అతుకు మాట ఒక్కటీ దొరకలేదు.

"నీకు," అన్నాను. "పొద్దున్నే డ్యూటీ నుంచి వస్తావు. వీధిలో చప్పుడు. నిద్ర పట్టదు. నాకు తెలుసు."

మేడమ్ తలెత్తింది.

మా ఆవిడ బల్లకి అవతల ఇద్దరున్నారన్న సంగతే మరిచిపోయినట్టు మాట్లాడింది. నిద్ర సరే, మరి మీ పుస్తకాలెక్కడ పెడతారు, కిటికీకి మందపాటి తెర వేస్తే మధ్యాహ్నం మీరూ కూర్చోవచ్చు కదా, ఏమంటారు, అని. అన్నీ చిన్న చిన్న మాటలే. నేను ఔననీ కాదనీ అంటున్నాను. గంట కొట్టేసరికి ఆ లేని గదికి తెర రంగు దాకా వచ్చేశాం.

వారానికి ఫలితాలొచ్చాయి. మా ఆవిడ పాస్. నేను ఫెయిల్. ‘అభ్యర్థికి అనుసంధాన పదాలు చాలా వచ్చు, ఎదుటివారితో అనుసంధానం లేదు’ అని నా కాగితం మీద రాశారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

"పోనీలే, గలగల సిస్టర్‌తో వెళ్ళుంటే ఇంకా మంచి మార్కులొచ్చేవి నీకు," అన్నాను, తల దించుకుని.

"ఆవిడతోనే కదండీ రెండుసార్లూ వెళ్ళింది. బాగా మాట్లాడేవాళ్ళ పక్కన నాకు నోరు రాదు. మీ మాటకి అడ్డం రావడం మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ అలవాటే." నవ్వి, మళ్ళీ నెమ్మదిగా అంది. "మీరు పక్కనుంటే భయం వెయ్యదు. అందుకే మిమ్మల్ని అడిగాను. ఇంగ్లీషు కోసం కాదు."

నా ఫెయిల్ కాగితం చింపబోయాను. చటుక్కున లాక్కుని, తన సర్టిఫికెట్‌తో కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టింది.

"అదెందుకోయ్?"

"ఒక్క పరీక్షే కదండీ మనది," అంది.