మండవల్లి గట్టు మీద లోమారు సమస్య

అగ్రరాజ్యం తన యుద్ధనౌకలను లోమారు జలాల నుంచి సోమవారం ఉదయంలోగా ఉపసంహరించుకోవాలని, లేని పక్షంలో మండవల్లి మండలంలో తలెత్తే పరిణామాలకు ఆ దేశమే పూర్తి బాధ్యత వహించాలని బాపిరాజుగారు ఏలూరు ప్రెస్‌మీట్‌లో హెచ్చరించారు. బాపిరాజుగారు మా పార్టీ మండల అధ్యక్షులు. మా పార్టీ అంటే ఆ రోజు నా కుర్చీలు ఏ పార్టీకి వేస్తే ఆ పార్టీ. నాకు తాడేపల్లిగూడెంలో టెంట్‌హౌస్ ఉంది. నాయకుల్ని జనం ముందు నుంచి చూస్తారు, నేను వెనక నుంచి చూస్తాను. వెనక నుంచి చూసినా గొప్పగా కనిపించే నాయకుడు నాకు తెలిసి ఆయనొక్కరే.

ఒక విలేకరి లేచి, లోమారు ఎక్కడుందండీ అని అడిగాడు.

"అది మీరు తెలుసుకోవాల్సిన విషయం. నేను పోరాడాల్సిన విషయం" అన్నారు బాపిరాజుగారు. ఇంత స్పష్టంగా పని విభజన చేసిన నాయకుణ్ణి నేను చూడలేదు.

తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. లోమారు పసిఫిక్ సముద్రంలో చిన్న ద్వీపదేశం. జనాభా మా పక్కనున్న తణుకులో నాలుగోవంతు కూడా ఉండదు. అందరూ చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. ఒక పెద్ద దేశం విన్యాసాల పేరుతో వాళ్ళు వేటాడే చోట యుద్ధనౌకలు అడ్డంగా నిలిపింది. పడవలు కదలడానికి వీల్లేదు. ఆ దేశాధ్యక్షుడు అందరికీ మొరపెట్టుకున్నాడు, ఎవరూ పలకలేదు. చివరికి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి మోకాలిలోతు సముద్రంలో వేసుకుని, నౌకల కేసి చూస్తూ కూర్చున్నాడు. నేను ఆ వీడియో ప్రత్యేకంగా చూశాను. చేతులున్న కుర్చీ. అలలకి నిలవాలంటే అదే కరెక్టు.

అంత చిన్న దేశం అలిగితే ప్రపంచం మారుతుందా అని ఏలూరు టీకొట్ల దగ్గర పెద్ద చర్చ జరిగింది. మారదని చదువుకున్నవాళ్ళు, మారితే బాగుండునని మిగతావాళ్ళు అన్నారు. బాపిరాజుగారు మధ్యేమార్గం కనిపెట్టారు. చిన్న దేశం ఒక్కటే అయితే మారదు, దానికి మన మండలం తోడైతే మారుతుంది.

ఆయనకు లోమారు మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. ప్రతి మండల అధ్యక్షుడూ ఒక ప్రజాసమస్య తీసుకుని పోరాడాలని, బాగా పోరాడినవాళ్ళకి నామినేటెడ్ పదవి ఉంటుందని పైనుంచి ఆదేశం వచ్చింది. బాపిరాజుగారు మండలంలోని సమస్యలన్నీ ఓపిగ్గా పరిశీలించారు. డ్రైనేజీ తీసుకుందామంటే కాంట్రాక్టరు స్వయానా బావమరిది. రోడ్లంటే వేసినవాడు వియ్యంకుడు. తాగునీరంటే సమాధానం చెప్పాల్సింది సొంత పార్టీవాళ్ళే. మండలంలో ఎవరికీ చుట్టం కాని సమస్య వెతగ్గా వెతగ్గా లోమారు దొరికింది.

గుండుగొలను దగ్గర హైవే మీద బైఠాయిద్దామనుకున్నారు. ఎస్సై నెల్సన్‌గారు మంచి మనిషి, మెత్తగా చెప్పారు. "హైవే అయితే జనానికి ఇబ్బందండీ. జనంలేని చోటు చూసుకోండి, నేనే దగ్గరుండి బందోబస్తు ఇస్తాను." ఇద్దరూ జీపులో తిరిగి కొల్లేరు చేపలచెరువుల మధ్య ఒక గట్టు ఖాయం చేశారు. సోమవారం తెల్లవారేసరికి నౌకలు కదల్లేదని టీవీలో చూసుకుని షామియానా వేయించాను. గట్టు వెడల్పూ నా షామియానా వెడల్పూ ఒకటే కావడంతో ఈ చివర్నుంచి ఆ చివరికి అతికినట్టు సరిపోయింది. ఫ్లెక్సీ మీద బాపిరాజుగారు నిలువెత్తున ఉన్నారు. లోమారు అధ్యక్షుడు మూలన ఆధార్ ఫోటో అంత ఉన్నాడు.

మేం జనం లేరనుకున్న గట్టుకి అవతల అచ్చమ్మగారనే ఆవిడ ఉంది. ఆవిడకి అక్కడొక చేపలచెరువు ఉంది. ఆ ఉదయమే పట్టుబడి, అంటే చేపలన్నీ పట్టి అమ్మే రోజు. వలవాళ్ళు నీళ్ళలో దిగి ఉన్నారు, డ్రైవరు కరీం ఐసు లోడుతో మినీ లారీ తీసుకొచ్చి నా షామియానా ముందు ఆపాడు. మిగతా మూడువైపులా నీళ్ళే, లారీకి ఇంకో దారి లేదు.

అచ్చమ్మగారు చెంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చి చేతులు జోడించింది.

"ఏవండీ రాజుగారూ, కాస్త ఆ పక్క గుంజ తీయిస్తే బండి లోపలికొస్తదండీ."

"అచ్చమ్మగారూ, ఇది అంతర్జాతీయ సమస్య. గుంజ తీస్తే వెనకడుగు వేశామనుకుంటారు."

"ఎవరండీ?"

"అగ్రరాజ్యం."

అచ్చమ్మగారు గట్టుకి అటూ ఇటూ చూసింది. ఎవరూ కనపడక తన కష్టం చెప్పుకుంది. ఎండలకి చెరువులో నీళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఇంకో వారం ఆగితే చేప ఊపిరాడక తేలిపోతుంది. పట్టాలంటే ముందు మేత ఆపాలి, కడుపునిండా తిన్న చేప ఐసులో పెట్టినా దారిలోనే పాడైపోతుంది. అందుకే నిన్నట్నుంచి చెరువులో మేతకి తవుడు బస్తాలు కట్టలేదు. కొనుగోలుదారు బుధవారం దాకా ఆగుతానన్నాడు. ఏడాది కష్టం ఆ నీళ్ళలో ఉంది.

బాపిరాజుగారు అంతా విన్నారు. ఆయనకి ఒక్క ముక్క నచ్చింది.

"అంటే నిన్నట్నుంచి చేపలు ఏమీ తినలేదా?"

"తినలేదండీ."

"ఎన్నుంటాయి?"

"ఇరవై వేలు ఉంటాయండీ."

పక్కనే ఉన్న సోషల్ మీడియా ఇన్‌చార్జి హేమంత్‌కుమార్ అప్పటికే ఫోన్ తీశాడు. కొల్లేరు తీరాన లోమారుకి మద్దతుగా ఇరవై వేల నిరాహార దీక్ష అని పెట్టాడు. ఇరవై వేల ఏమిటన్నది రాయలేదు. రాసినదాంట్లో మాత్రం ఒక్క అబద్ధం లేదు.

మనుషుల దీక్ష కూడా నిష్ఠగానే జరిగింది. కార్యకర్తలది రిలే దీక్ష, టిఫినుకీ భోజనానికీ మధ్య కూర్చునేవారు. బాపిరాజుగారిది మాత్రం నిరవధికం. అయితే లోమారు ప్రజలకు సంఘీభావంగా ఆయన లోమారు టైము ప్రకారం చేశారు. అక్కడ అర్ధరాత్రి అయినప్పుడు ఇక్కడ ఆయన మెతుకు ముట్టలేదు. అక్కడివాళ్ళు భోంచేసే వేళకి ఇక్కడ తానూ తిన్నారు. నేనే దగ్గరుండి చూశాను.

మంగళవారం ఆ పోస్టు చూసి లోమారు మత్స్యశాఖ మంత్రి వీడియోకాల్ చేశాడు. తమ దేశ జనాభా కంటే ఎక్కువమంది తమ కోసం పస్తులుంటున్నారని తెలిసి ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయట. వాళ్ళను ఒక్కసారి చూపించమన్నాడు. ఇంగ్లీషు మాట్లాడే మనిషి కోసం వెతికితే అచ్చమ్మగారి మేనకోడలు అఖిల దొరికింది, ఏలూరులో డిగ్రీ చదువుతోంది. బాపిరాజుగారు ఫోన్ చెరువు వైపు తిప్పించి, "అందరూ లోపల ఉన్నారని చెప్పమ్మా" అన్నారు. అఖిల అలాగే చెప్పింది.

గట్టున కూర్చున్న పెద్దావిడ ఎవరని మంత్రి అడిగాడు. అఖిల కాస్త ఎక్కువసేపే చెప్పింది. బాపిరాజుగారు మాటమాటకీ తలూపుతూ, మధ్యమధ్య నమస్కారం పెడుతూ నిలబడ్డారు. తన గురించి ఇంత చెబుతున్న పిల్లని చూసి ఆయన ముచ్చటపడ్డారు.

బుధవారం పొద్దున్న టీవీలన్నీ ఒకటే స్క్రోలింగ్. లోమారు ప్రజల మనోభావాలను గౌరవిస్తూ నౌకలను వెనక్కి రప్పిస్తున్నట్టు అగ్రరాజ్యం ప్రకటించింది. కుర్చీలో కూర్చున్న ఆయన లేచి, కుర్చీ చేత్తో పట్టుకుని ఒడ్డుకు నడిచి వస్తుంటే, వెనకాల పడవలు బారులు తీరి వేటకు పోతున్నాయి. నేను ఆ కుర్చీ కోసం రెండుసార్లు చూశాను. అచ్చమ్మగారు కూడా కరీం ఫోన్‌లో అది చూసి, "పోన్లే, ఎవరి తిండి వాళ్ళకి దొరికింది" అని, వలవాళ్ళకి కబురు పెట్టింది. కరీం మళ్ళీ ఐసు వేసుకొచ్చాడు.

నేను గుంజలు పీకించబోతుంటే బాపిరాజుగారు ఆపారు. పోరాటం గెలిచాక విజయోత్సవ సభ జరపకపోతే చరిత్ర క్షమించదన్నారు. రాష్ట్ర నాయకుడి డేటు కోసం కబురు పెట్టారు. డేటు వచ్చేదాకా టెంటు కదలకూడదు. కరీం లారీ కింద నీళ్ళు కారుతూ సాయంత్రం దాకా నిలబడి, తేలికై వెళ్ళిపోయింది. కొనుగోలుదారు వేరే చెరువు చూసుకున్నాడు.

గురువారం లోమారు ప్రభుత్వం నుంచి సందేశం వచ్చింది. హేమంత్‌కుమార్ మైకులో చదువుదామని అందర్నీ పోగుచేసి, అఖిల చేత తెలుగు చెప్పించాడు. మాకు తోడు నిలిచినందుకు కృతజ్ఞతలు, మీ గట్టు మీద ఉన్న ఆ తల్లికి దయచేసి దారి వదలండి, నౌకలతో మాకొచ్చిన బాధా ఆవిడ బాధా ఒకటే అని ఉంది.

బాపిరాజుగారి ముఖం ఎర్రబడింది. ఆయన నెమ్మదిగా మైకు అందుకున్నారు.

"మన గట్టు సంగతి మనకి చెప్పడానికి లోమారు ఎవరండీ? ఇది మన అంతర్గత వ్యవహారం. విదేశీ జోక్యాన్ని ఈ బాపిరాజు సహించడు. లోమారు బేషరతుగా క్షమాపణ చెప్పేదాకా ఈ టెంటు ఇక్కడే ఉంటది."

చప్పట్లు బాగానే పడ్డాయి. ఫ్లెక్సీ మార్చలేదు, మూలనున్న లోమారు అధ్యక్షుడి మీద ఎర్ర ఇంటూ గీశారు. పొదుపులో కూడా ఆయన ఆదర్శమే.

ఆ మధ్యాహ్నం అచ్చమ్మగారు పడవ వేసుకుని చెరువులోకి వెళ్ళింది. తవుడు బస్తాలకి చిల్లులు పెట్టి కర్రలకి ఒక్కొక్కటే కట్టుకుంటూ పోయింది. మేత మళ్ళీ వేసిందంటే ఇక పట్టుబడి మీద ఆశ వదులుకున్నట్టే. ఆవిడ ఏడుస్తూనే కట్టింది. చేపలు నీళ్ళన్నీ కుతకుతలాడించేస్తూ బస్తాల మీద పడ్డాయి.

బాపిరాజుగారు అది చూసి దిగ్భ్రాంతికి లోనయ్యారు. ఇరవై వేల దీక్షను విదేశీ శక్తులతో కుమ్మక్కై భగ్నం చేసిందని అక్కడికక్కడే ఫిర్యాదు ఇచ్చారు. ఎస్సై నెల్సన్‌గారు ఇబ్బంది పడుతూనే గట్టు చివరికి వెళ్ళి, పడవ దిగుతున్న ఆవిణ్ణి పలకరించారు. నేను కుర్చీలు సర్దుకుంటూ వింటున్నాను.

"ఏంటండీ అచ్చమ్మగారూ, ఇదంతా? మీకు లోమారువాళ్ళతో ఏమైనా సంబంధం ఉందా?"

"నాకెవరూ తెలీదు బాబూ. ఒక్క సాయం చేసిపెట్టండి."

"చెప్పండి."

"అక్కడ అడ్డం పెట్టి, అడిగితే తీసేశారంట కదా, ఆ ఓడలవాళ్ళు. వాళ్ళ ఫోన్ నంబరు ఉంటే ఇప్పించండి బాబూ. మాట వినే మనుషుల్లాగున్నారు."

ఎస్సైగారు టోపీ తీసి చంకలో పెట్టుకుని, తన దగ్గర లేదన్నారు.