ఆలూరు చర్చికి ఏడు లారీలు

ఆ సోమవారం పొద్దున అంగడి తెరుస్తూనే రామకోటయ్య మేనల్లుడు వేణుగోపాల్‌కు గడువు పెట్టాడు. "ఈ పొద్దు బేరం కుదరకుంటే ఆ కంప్యూటర్ అమ్మేస్తా. నువ్వు లారీలకు బండలెత్తిస్తా కూచో."

బేతంచెర్లలో బండలమ్మే ఆయన దృష్టిలో కంప్యూటర్‌కు పనులు చెప్పే జావాస్క్రిప్ట్ రాయడం తిండిదండగ పని. వేణుగోపాల్‌కు అదే ప్రాణం. 2006లో ఆ ఊళ్లో ఎవరూ చేయనిది చేశాడు: తెర మీద గది గీసి, నొక్కినచోటల్లా బండ పరిచే పేజీ. చేసిన ప్రతి పనినీ అది వరుసగా రాసుకుంటుంది. "మళ్లీ" అన్న మీట నొక్కితే అవే పనులు మొదటినుంచి చివరిదాకా తిరిగి చేస్తుంది.

పది గంటలకు ఆలూరు చర్చి పెద్ద ఏసేపు వచ్చాడు. పచ్చబండ, నల్లబండ, మధ్యలో సిలువ, అన్నీ దగ్గరుండి పెట్టించుకున్నాడు. "శానా బాగుండాది. ఒక లారీ పంపించప్పా" అన్నాడు. వేణు ఆఖరి మీట నొక్కాడు. పాలిష్ ఫ్యాక్టరీలో గోపన్నకు ఆర్డరు ఈమెయిల్లో చేరింది. గోపన్నకు ఒక ఆర్డరంటే ఒక లారీ, ఎందుకని అడిగే మనిషి కాదు.

రామకోటయ్య సంతోషం పట్టలేకపోయాడు. పక్క హోటల్ హనుమన్నను పిలిచి, "చూడప్పా, మావాడు చేసినాడు" అంటూ "మళ్లీ" నొక్కాడు. క్యారియర్ తెచ్చిన భార్య అలివేలమ్మకు చూపించాడు. ఆమె కళ్లద్దాలు తెచ్చుకున్నాక ఇంకోసారి చూపించాడు. పోస్టు మనిషినీ వదల్లేదు. సాయంత్రానికి తెర మీద ఆరుసార్లు సిలువ పరిచాడు.

మర్నాడు ఏసేపు ఫోన్. "ఏమప్పా రామకోటయ్యా! ఒక లారీ అంటే ఏడు పంపినావే! చర్చి వాకిట్లో కాలు పెట్టను చోటు లేదు."

వేణు పేజీ తెరిచి చూశాడు. వరుసలో ఆఖరి పని ఆర్డరు పంపడమే. మామ మీట నొక్కినప్పుడల్లా అదీ జరిగింది. "ఆ ఒక్కటీ వరుసలో పెట్టకుండా ఉండాల్సింది మామా" అంటూ, తిట్లు వింటూనే, కనిపించిన కోడ్ ముక్కనల్లా తుడిచేశాడు. రామకోటయ్య తీగలు పీకి కంప్యూటర్‌ను సర్దేయడానికి అట్టపెట్టె వెతకసాగాడు.

మళ్లీ ఫోన్. ఈసారి ఏసేపు గొంతు చల్లబడింది. "లారీలు చూసి ఆరూళ్ల చర్చి సంఘాలోళ్లు వచ్చినారు. మా చర్చీల్లో మన్నునేలే అని, దుడ్లు కట్టి తలా ఒకటి తోలుకపోతాండారు. మాది మాకు మిగిలింది, చాల్లే."

రామకోటయ్య పెట్టె కింద పెట్టేశాడు. "ఒరే వేణూ, ఆ మీటను నిన్న ఉన్నట్టే పెట్టురా!"

"తుడిచేసినా గదా మామా. ఏమేం తుడిచినానో గుర్తు లేదు."

ఎవరు ఏ బండ ఎక్కడ పెట్టించారో పొల్లుపోకుండా రాసుకునే ఆ పేజీ, తనను తయారుచేసినవాడు ఏం తుడిచాడో మాత్రం రాసుకోలేదు.