రెండో ట్రాకులో ఏడుపు

పాలమూరు జిల్లాకు ఒక రాక్ బ్యాండు చేసినంత మేలు ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చేయలేదు. కోప్పడకండి, నా దగ్గర రుజువులున్నాయి!

మా గద్వాలలో ‘డెడ్ బోర్‌వెల్’ అనే బ్యాండు ఉంది. ఆ సంగతి మీకు తెలియకపోతే అది మీ వెనకబాటుతనం. నలుగురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు, గిటార్లు, డ్రమ్ములు. నాయకుడి పేరు మధు. భుజాల దాకా జుట్టు, నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మ. వాళ్ల నాన్నకు బస్టాండు ఎదురుగా నిక్షేపం లాంటి ఎరువుల దుకాణం ఉంది కాబట్టి, లోకం మీద కోపంగా ఉండటానికి ఈ అబ్బాయికి కావలసినంత తీరిక దొరికింది.

ఈ 2008లో వీళ్లు ‘మైల్‌స్టోన్ జీరో’ అనే కాన్సెప్ట్ ఆల్బం విడుదల చేశారు. కాన్సెప్ట్ ఆల్బం అంటే ఏమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. పాటలన్నీ కలిసి ఒకే కథ చెబుతాయట. మొదటి నుంచి చివరిదాకా లేవకుండా వినాలట. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి వినాలట! మన హరికథలోనూ ఇదంతా ఉండేది, కానీ అది జనానికి అర్థమైపోయేది. ఆ లోపాన్ని వీళ్లు సరిదిద్దారు.

కథ చాలా గొప్పది. మన ప్రాంతం మనిషి ఒకడు మట్టిపనికి దూరం పోతాడు, తిరిగి రాడు. దీన్ని ఇంగ్లీషులో చెప్పారు. మట్టిపనికి పోయేవాళ్లకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు మట్టిపనికి పోరు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా వలస గురించి పాడటం ఎలాగో చూశారా?

తెలుగు వినిపించేది ఒక్కచోటే. రెండో ట్రాకు మొదట్లో ఒక ఆడమనిషి గొంతెత్తి శోకం పెడుతుంది. “కొడుకా కురుమూర్తీ, సద్ది గట్టిస్తి గద కొడుకా, తింటివో తినకపోతివో” అని. ఇంతలో గిటారు వచ్చి ఆమె మీద పడుతుంది. ఇక మనకు ఆమె వినిపించదు.

ఆ కాస్త ముక్కే అభిమానులను ఊపేసింది! వనపర్తిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే హమ్జా ఈ బ్యాండుకు అభిమాన సంఘం అధ్యక్షుడు. మంచి మనిషి, అడిగినవాడికి లేదనడు. ఆ ఏడుపును కత్తిరించి రింగ్‌టోన్ చేసి, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ బ్లూటూత్‌లో ఉచితంగా పంచిపెట్టాడు. ఇప్పుడు గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా మీరు ఏ బస్సెక్కినా ఎవడో ఒకడి జేబులో ఆ తల్లి ఏడుస్తుంటుంది. వాడు తీరిగ్గా ఫోన్ తీసి ‘హలో, చెప్పు మామా’ అంటాడు. పూర్వం ఏడుపు వినాలంటే చావు జరిగిన ఇంటికి వెళ్లాల్సి వచ్చేది. ఎంత శ్రమ!

ఇక మేధావుల సంగతి చెప్పాలి. ఇంతకీ ఈ కురుమూర్తి ఎవరు? నాగర్‌కర్నూలు అభిమానులు ఆధునిక మానవుడి ఒంటరితనం అన్నారు. వనపర్తివాళ్లు కాదు, మా వైపు కొండ మీది స్వామి పేరు అదే గనుక వలసపోయిన దేవుడన్నారు. గద్వాలలో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరరు, కురుమూర్తి అనేవాడు అసలు లేడనీ, అదే ఆల్బం గొప్పతనమనీ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వ్యాసం రాశాడు. సద్ది అంటే నశించిపోతున్న సంస్కృతి అట. వీళ్ల చర్చలు మాటలు మానుకునేదాకా వెళ్లాయి.

నాకు కురుమూర్తి తెలుసు. మల్దకల్ దగ్గరి ఊరు. ఈదమ్మ కొడుకు. పుణె వైపు ఏదో పెద్ద మేడకు పునాది తవ్వుతుంటే మట్టి విరిగి మీద పడి చచ్చిపోయాడు.

శవం ఊరికి వచ్చిన రోజునే మన బ్యాండు వలస మీద రీసెర్చ్ చేస్తూ అటు పోయింది. చేతిలో మైకు చూసి ఊరివాళ్లు టీవీవాళ్లు వచ్చారనుకున్నారు. జనాన్ని జరిపి శవం పక్కనే చోటిచ్చారు. డప్పులు ఆపించారు. నోట మాట రాక కూలబడిన ఈదమ్మను ఊరి పెద్దొకాయన లేపి, జర గట్టిగా ఏడ్వమన్నాడు, టీవీలో వస్తే సర్కారుకు వినబడుతుందన్నాడు. ఆమె గొంతు తెచ్చుకుని ఏడ్చింది. మధుగారు మైకు సరిచేసుకున్నాడు. తాము టీవీవాళ్లం కామని చెప్పడానికి ఆయనకు తీరిక దొరకలేదు పాపం!

ఈదమ్మ ఇప్పుడు గద్వాల బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు అమ్ముతుంది. నేను రోజూ అక్కడే తింటాను. మొదటిసారి ఎవడి ఫోనో మోగినప్పుడు ఆమె చేతిలో రొట్టె సగంలోనే ఆగిపోయింది. తన గొంతే తనకు బస్టాండులో వినబడితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆమె నాతో అన్నది ఇది:

“దినాలయినంక పేరు వెట్టి ఏడ్వగూడదు సారూ. పిల్సినప్పుడల్ల ఆడు ఎనక్కి మర్రి సూస్తడు. గిట్ల దినాం పిలుస్తుంటే నా కొడుకు ఎట్ల పోతడు?”

ఆమెకు కావలసింది అంతే. కొడుకును పోనివ్వాలి, ఆ ఏడుపు తీసేయాలి. ఇద్దరం మధు ఇంటికి వెళ్లాం. ఎంత మర్యాదస్తుడు! కుర్చీ వేశాడు, చాయ్ ఇప్పించాడు, ఒక సీడీ మీద సంతకం పెట్టి ఆమె చేతిలో పెట్టాడు. రెండో ట్రాకు లేకపోతే కాన్సెప్టే కూలిపోతుందన్నాడు. పైగా జనం ఫోన్లలోకి వెళ్లిపోయినదాన్ని తీసేయడం ఎవరి చేతిలోనూ లేదని, అదంతా టెక్నాలజీ అని ఓపికగా వివరించాడు. ఈదమ్మకు టెక్నాలజీ తెలియదు గనుక నమ్మింది.

నెల తిరగకముందే మధు వాళ్ల నాన్న గుండె ఆగి చనిపోయాడు. నాకు నిజంగానే బాధ కలిగింది, మంచి మనిషి. మూడు ఊళ్ల అభిమానులూ నల్ల టీషర్టుల్లో వచ్చారు. రొట్టెల పొయ్యి ఆర్పేసి ఈదమ్మ కూడా వచ్చింది. మా వైపు పలకరింపుకు పోతే ఊరికే నిలబడరు. ఆమె మధు తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది, ఇద్దరూ కలిసి శోకం తీశారు. విన్నవాళ్లెవరికీ కళ్లు పొడిగా లేవు.

హమ్జా కూడా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, భక్తి కొద్దీ, ఫోన్ పైకెత్తి రికార్డు చేశాడు. బ్యాండుకు తనవంతు సేవ అనుకున్నాడు. అందులో అతని తప్పేముంది? నేర్పినవాళ్లెవరు?

మధు ఒక్క అంగలో వచ్చి ఆ ఫోన్ లాక్కున్నాడు. “మా అమ్మ ఏడుస్తుందిరా. తమాషానా నీకు?” అన్నాడు. అక్కడికక్కడే బటన్ నొక్కి దాన్ని చెరిపేసి ఫోన్ తిరిగిచ్చాడు. హమ్జా తల దించుకుని క్షమించమన్నాడు. అందరూ మధును సమర్థించారు. నేనూ సమర్థించాను. తల్లి ఏడుపు తల్లిదే కదా!

ఈదమ్మ ఇదంతా చూసింది. ఇద్దరం ఇంటిదారి పట్టాం. బస్టాండు దగ్గరికి వచ్చాక ఆగింది.

“అయితే, తీసెయ్యనీకి వస్తది గద సారూ?” అని అడిగింది.

కురుమూర్తి ఎవరని ఇన్నాళ్లు తలలు బద్దలు కొట్టుకున్న అభిమానులారా, ఈ ప్రశ్న కూడా మీకే వదిలేస్తున్నాను. తీరిగ్గా చర్చించుకోండి. కాకపోతే ముందు ఆ ఏడుపును మీ ఫోన్లలోంచి తీసేసి చర్చించుకోండి.