ఛైర్మన్‌గారి ఒక్క దెబ్బ

క్రీడాభిమానులకు, ముఖ్యంగా క్రీడల్ని కుర్చీలో కూర్చుని అభిమానించేవారికి, తెలియజేయడమేమనగా: పైపుల కంపెనీ ఛైర్మన్‌గారు గోల్ఫ్ మైదానంలో ఒకే ఒక్క దెబ్బతో బంతిని గుంటలో వేశారు. ఆ సమయంలో వారి పక్కన ఒక ప్రొఫెషనల్ ఆటగాడు కూడా ఉన్నాడు. ఛైర్మన్‌గారి గురించి పత్రికలన్నీ రాశాయి. ఆ ‘కూడా’ గురించి ఎవరూ రాయలేదు కనుక ఆ లోటు మేము పూడుస్తున్నాం.

అతన్ని అందరూ ఛాంపియన్ అంటారు. ఏ పోటీలో గెలిచాడని అడగకండి. పెళ్ళయిన కొత్తలో బావమరిది వేళాకోళానికి పెట్టిన పేరది. కొన్నేళ్ళకు వేళాకోళం అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు గ్యాస్ బండ తెచ్చేవాడు కూడా కింద నుంచి “ఛాంపియన్‌గారూ, తలుపు తీయండి” అని నిష్కపటంగా అరుస్తాడు. ఛాంపియన్ కూడా అంతే నిష్కపటంగా తలుపు తీస్తాడు. తన ఆట గురించి అతనికి భ్రమలేమీ లేవు. మొదట్లో చాలా ఉండేవి, అన్నీ వాడేశాడు.

అతను ఆడేది చిన్న సర్క్యూట్‌లో. పెద్ద సర్క్యూట్‌లో ఆడేవాళ్ళని టీవీలో చూపిస్తారు. చిన్న సర్క్యూట్‌లో ఆడేవాళ్ళు ఆ టీవీని లాడ్జి రిసెప్షన్‌లో నిలబడి చూస్తారు. వారం వారం ఊరు మారుతుంది కానీ లాడ్జి మారదు. అదే చెమ్మ గోడ, అదే ఊగే ఫ్యాను, వేడినీళ్ళ గురించి అదే అబద్ధపు బోర్డు. పోటీ గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. శుక్రవారం సాయంత్రం ‘కట్’ అనే కార్యక్రమం ఉంటుంది. అంటే అప్పటిదాకా బాగా ఆడిన సగంమందిని ఉంచుకుని తక్కిన సగంమందిని సగౌరవంగా ఇంటికి పంపేస్తారు. శుక్రవారం సాయంత్రం బస్సు అందుకోవడంలో ఛాంపియన్ చూపిన నిలకడ ఆటలో చూపి ఉంటే ఈపాటికి అతని పేరు మీద ఒక మైదానం వెలిసేది. కిటికీ పక్క సీటు అతని కోసం అట్టేపెట్టే కండక్టర్లు కూడా ఉన్నారు.

“ఒక్క దెబ్బ ఎక్కువైందండీ, లేకపోతే ఉండేవాణ్ణే,” అని ఒకసారి అత్తగారికి వివరించబోయాడు.

ఆవిడ ఆశ్చర్యపోయారు. “ఎక్కువైతే ఓడిపోతారా?”

“అవునండీ. ఇందులో తక్కువ దెబ్బలు కొట్టినవాడే గెలుస్తాడు.”

“అలాంటప్పుడు అసలు వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుంటే మనమే గెలిచినట్టు కదా బాబూ?”

గోల్ఫ్ మీద ఇంతకంటే లోతైన విమర్శ ఇంతవరకూ రాలేదు. ఛాంపియన్ దాన్ని తోటి ఆటగాళ్ళకి చెప్పుకుని అందరికంటే ముందు తనే నవ్వాడు. ఆ సర్క్యూట్‌లో అతని మీద జోకులు వేసే హక్కు మొదట అతనికే ఉండేది. మిగిలినవాళ్ళు ఆ తర్వాత వరసలో నిలబడేవాళ్ళు.

మామగారిది పరుపుల దుకాణం. అల్లుడి టోపీకి ఆయనే పోషకుడు. ‘వాలితే చాలు, నిద్ర ఖాయం’ అన్న దుకాణం నినాదం ఆ టోపీ మీద ఎర్ర దారంతో మెరుస్తుండేది. బంతి మీదకి వంగినప్పుడల్లా ఎదుటివాళ్ళకి అదే కనిపించేది. ఈ ఏడు కూడా ఏమీ జరక్కపోతే ఆట మానేసి దుకాణంలో కూర్చుంటానని ఛాంపియన్ భార్యకి మాట ఇచ్చాడు. మామగారు ఆ మాట విన్న మర్నాడే కౌంటర్ పక్కన కొత్త కుర్చీ వేయించారు. ప్లాస్టిక్ కవరు మాత్రం తీయించలేదు. పెద్దమనిషి, తొందరపెట్టే రకం కాదు.

ఇలాంటి పరిస్థితుల్లో పైపుల కంపెనీవారి పోటీ ఛాంపియన్ సొంత ఊళ్ళోనే వచ్చింది. పెద్ద సర్క్యూట్ పోటీ ఒకదాంట్లో తనకిష్టమైన ఒక ఆటగాణ్ణి నేరుగా ఆడించే అధికారం ఛైర్మన్‌గారికి ఉందని, పోటీకి ముందురోజు జరిగే సరదా ఆటలో ఆయన పక్కన ఆడబోయేది ఛాంపియనేనని ఒకేసారి తెలిసింది. ఆ సరదా ఆటలో డబ్బు పెట్టేవాళ్ళూ ఆట తెలిసినవాళ్ళూ కలిసి ఆడతారు. సరదా అంతా మొదటివాళ్ళది.

ఆ ఉదయం గోల్ఫ్ సంఘం కార్యదర్శి ఆటగాళ్ళనందరినీ నిలబెట్టి ఉపన్యసించాడు. “మిత్రులారా! ఈ రోజు మనం ఆడటం లేదు, ఆతిథ్యం ఇస్తున్నాం. దాతల బంతి ఎటు వెళ్ళినా అది వారు ఉద్దేశించిన దిక్కే. సలహాలు అడిగితేనే ఇవ్వండి. అడిగినా ఇవ్వకండి. క్రీడాస్ఫూర్తి వర్ధిల్లాలి!” తర్వాత పైపుల కంపెనీ ముద్ర వేసిన బంతులు అందరికీ పంచారు. ఛాంపియన్ అలవాటు ప్రకారం తన బంతుల మీద ఆకుపచ్చ సిరాతో రెండేసి చుక్కలు పెట్టుకున్నాడు.

ఛైర్మన్‌గారు కొట్టే ముందు బంతిని చాలాసేపు చూస్తారు, కొత్తగా చేరిన గుమస్తాని చూసినట్టు. తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడతారు. బంతి భయపడి ఏదో ఒక పక్కకి పారిపోతుంది. వెంటనే వారి పి.ఏ. పొదల్లోకి పరుగెత్తి, “దొరికింది సార్! పచ్చిక మీదే ఉంది సార్!” అని కేక వేస్తాడు. ఆ పి.ఏ. ప్యాంటు జేబులు ఉదయం ఉబ్బెత్తుగా ఉన్నాయి. మధ్యాహ్నానికి పల్చబడ్డాయి. ఛాంపియన్ ఇదంతా గమనించి, పొగడవలసిన చోట పొగుడుతూ వచ్చాడు. “అబ్బ, ఏం బలం సార్” అనడంలో అబద్ధమేమీ లేదు, బలం నిజంగానే ఉంది.

అలా ఆడుతూ, వెంట కార్యదర్శి కూడా నడుస్తుండగా, ఒక పొట్టి గుంట, అంటే దూరం తక్కువున్న గుంట, దగ్గరికి వచ్చారు. గుంట గట్టు మీద ఉంది. కొట్టేచోట నుంచి గుంటలో నిలబెట్టిన జెండా కొస తప్ప ఏమీ కనిపించదు. ఛైర్మన్‌గారు విరుచుకుపడ్డారు. బంతి ఒక చెట్టు మొదలుకి తగిలి తుప్పల్లోకి దూకింది. “దివ్యంగా వెళ్ళింది సార్!” అన్నాడు పి.ఏ.

తర్వాత ఛాంపియన్ కొట్టాడు.

దాని గురించి నవ్వులాటగా రాయడం మాకు చేతకావడం లేదు. కర్రకి ఏమీ తగలనట్టే అనిపించింది అతనికి. బంతి పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం నిలబడి, జెండా వెనక్కి మెల్లగా దిగింది. ఇన్నేళ్ళ బస్సులూ లాడ్జీలూ ఈ ఒక్కదాని కోసమేనేమో అనుకున్నాడు. అనుకున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు కూడా.

అందరికంటే ముందు గట్టెక్కింది పి.ఏ. గుంటలోకి తొంగిచూసి, “సార్! పడింది సార్! ఒక్క దెబ్బకే పడింది సార్!” అని గెంతులు వేశాడు. వంగి బంతి తీశాడు. అతని వేళ్ళ సందున ఆకుపచ్చ చుక్కలు ఛాంపియన్‌కి కనిపించాయి. పి.ఏ.కి కూడా కనిపించాయి. ఆ విధేయుడు భుజం మీద తడితువ్వాలు తీసి బంతిని శ్రద్ధగా రుద్దాడు.

“మురికి అంటింది సార్,” అని చెప్పి, తెల్లటి బంతిని ఛైర్మన్‌గారి అరచేతిలో పెట్టాడు.

ఛైర్మన్‌గారు దాన్ని తిప్పి చూశారు. “నాదేనా?” అన్నారు. ఆ ప్రశ్నలో కొంచెం నిజాయితీ ఉంది. అది ఎంతోసేపు నిలవలేదు. “మరి నీ బంతి ఏదయ్యా?”

పి.ఏ. ఛాంపియన్ వంక చూశాడు. కార్యదర్శి ఆకాశం వంక చూశాడు. ఛాంపియన్ నోరు తెరిచాడు. నిజం నాలిక చివరిదాకా వచ్చిందని అతను ఈ రోజుకీ చెబుతాడు. వచ్చింది అక్కడిదాకానే.

“నాది ఆ తుప్పల్లో పడ్డట్టుంది సార్,” అన్నాడు.

అని ఊరుకోలేదు. తుప్పల్లోకి దిగి, మోకాళ్ళు గీరుకుపోయేలా వెతికి, ఛైర్మన్‌గారి బంతిని పట్టుకుని, అక్కణ్ణుంచి ఆట కొనసాగించాడు. ఆ గుంటకి అతనికి ఎన్ని దెబ్బలు పడ్డాయో చెప్పడం మర్యాద కాదు. “పట్టుదల ఉండాలయ్యా,” అని ఛైర్మన్‌గారు అతని భుజం తట్టి, మణికట్టు ఎలా తిప్పాలో కూడా నేర్పించారు.

సాయంత్రం సన్మానసభ జరిగింది. ఛాంపియన్ భార్య కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఛైర్మన్‌గారు మైకు ముందు నిలబడి, “నేను కొట్టానంటే నేను ఒప్పుకోను. నా చేత కొట్టించింది క్రమశిక్షణ! పైపులో నీళ్ళు ఎలా తిన్నగా వెళతాయో, నా బంతి అలా వెళ్ళింది!” అన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాత, ప్రత్యక్ష సాక్షిగా రెండు ముక్కలు చెప్పవలసిందిగా ఛాంపియన్‌ని ఆహ్వానించారు.

రెండు ముక్కలతో ఆగుదామనే అతను వేదిక ఎక్కాడు. కానీ ఆ దెబ్బ గురించి నోరారా చెప్పుకునే అవకాశం జీవితంలో మళ్ళీ రాదని మైకు చూశాక తోచింది. ఇక చెప్పాడు. గాలి ఎటు వీచిందో, ఛైర్మన్‌గారు ఎడమ భుజం ఎంత నెమ్మదిగా దించారో, చివర్లో కుడి మడమ ఎలా లేచిందో, కర్రకి ఏమీ తగలనట్టు ఎలా ఉందో, బంతి గాలిలో ఎలా నిలబడిందో చెప్పాడు. ఛైర్మన్‌గారు జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. తను అంత గొప్పగా కొట్టానని అప్పటిదాకా వారికి తెలియదు. అక్కడికక్కడే పెద్ద పోటీలో ఆడే అవకాశం ఛాంపియన్‌కి ప్రకటించారు.

ఇంటికి వెళ్తూ భార్య అడిగింది. “అది మీ దెబ్బేగా?”

“నీకెలా తెలుసు?”

“ఆ కుడి మడమ నాకు తెలీదా? మన హాల్లో మీరు కర్ర తిప్పుతుంటే టేబుల్ ల్యాంపు పగిలింది దాని మూలానేగా. కొట్టినవాళ్ళు కొట్టామని చెప్పుకోవచ్చుగా?” అంది.

“చెప్పానుగా. అంతసేపు.”

ఆవిడ నవ్వలేదు. తన జోకుకి ఆవిడ నవ్వకపోవడం ఛాంపియన్‌కి అదే మొదటిసారి. చేసిన పని ఏమిటో అతనికి అప్పుడు అర్థమైంది.

పెద్ద పోటీ వచ్చింది. అతను ఆడాడు. ఈసారి కూడా శుక్రవారం సాయంత్రం బస్సే దొరికింది. ఒక్క దెబ్బ తేడాతో పోలేదు, ఎవరినీ అంత ఉత్కంఠకి గురిచెయ్యలేదు. బస్సులో కూర్చున్నంతసేపూ భార్య అడిగిన మాటే చెవిలో తిరిగింది. సోమవారం తిన్నగా కార్యదర్శి గదికి వెళ్ళి, “ఆ రోజు గుంటలో పడింది నా బంతి సార్,” అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

“తెలుసయ్యా,” అన్నాడు కార్యదర్శి, టీ కప్పులోంచి తలెత్తకుండా.

“మీకు తెలుసా?”

“అందరికీ తెలుసు. ఆయన చెట్టుకి కొట్టడం అంతమందిమి చూశాం. ఆయనకి మాత్రం తెలీదంటావా?”

“మరి చప్పట్లు కొట్టారు కదండీ!”

“చప్పట్లు కొట్టాలంటే నమ్మాలని ఎక్కడుందయ్యా?” కార్యదర్శి కప్పు పక్కన పెట్టాడు. “ఇంతకీ మంచి సమయానికే వచ్చావు. వచ్చే నెల సిమెంటు కంపెనీవాళ్ళ పోటీ ఉంది. వాళ్ళ ఎం.డీ.గారు తన పక్కన నిన్నే వెయ్యమన్నారు. ఆయనకీ అలాంటిది ఒకటి కావాలట.”

“నేను మళ్ళీ అలా కొట్టగలనని మీకేం నమ్మకం సార్?”

“నువ్వు కొట్టడమెందుకు? ఎవరూ కొట్టక్కర్లేదు. తర్వాత మైకు దగ్గర చెప్తే చాలు. చెప్పడం నీకు బాగా వచ్చు.”

ఛాంపియన్ ఒప్పుకున్నాడా అని పాఠకులు అడుగుతారు. ఒప్పుకున్నాడు. సిమెంటువారిదీ, ఎరువులవారిదీ, ఆ తర్వాత మరికొందరు పెద్దలదీ అలాగే ఒక్క దెబ్బకే పడింది. సర్క్యూట్‌లో ఇప్పుడు అతనికి తీరిక లేదు.

అతని మీద మీకు అసహ్యం కలుగుతూ ఉండవచ్చు. న్యాయమే. అయితే మొన్న మీ ఆఫీసులో, నెలల తరబడి మీరు కూర్చుని చేసిన పనికి మీ పై అధికారిగారికి పూలగుచ్ఛం ఇచ్చారు చూడండి, ఆ సభలో అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టినవారెవరో కాస్త గుర్తు తెచ్చుకోండి. మేమూ అక్కడే ఉన్నాం. చాలా బాగా కొట్టారు.