ఖాజాగూడ ఆదర్శ చెత్త కేంద్రం

మన దేశంలో అన్నీ ఉన్నాయనీ, శాస్త్రీయమైన చెత్త కేంద్రం ఒక్కటే లేదనీ, ఆ కొరత తాను తీరుస్తాననీ డెబ్బై నాలుగులో మంత్రిగారు రవీంద్రభారతిలో ప్రకటించారు. సభలో అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవారు పారిశుద్ధ్యాధికారి పట్టాభిరామయ్యగారు. కొట్టరూ మరి? కేంద్రం సవ్యంగా ప్రారంభమైతే ఆయన స్పెషల్ ఆఫీసరు. కాకపోతే ఆసిఫాబాదు బదిలీ. ఆసిఫాబాదుకు మీరొక్కరే వెళ్ళండి అని భార్య రాజరాజేశ్వరి ముందే చెప్పేసింది.

ఖాజాగూడ బండల మధ్య కేంద్రం వెలిసింది. ప్రహరీ, గేటు, ఆఫీసరుగారికి గది, గదిలో టెలిఫోను, అన్నీ అమరాయి. తీరా ప్రారంభోత్సవం రేపనగా చూస్తే లోపల చెత్త లేదు. పట్నం చెత్తనంతా చుట్టుపక్కల రైతులు ఏనాటినుంచో ఎరువుకని తోలించుకుంటున్నారు. ఈ సంగతి ప్రాజెక్టు రిపోర్టు రాసినవారికి ఎవరూ చెప్పలేదు, వారూ అడగలేదు.

పట్టాభిరామయ్యగారు పరుగున వెళ్ళి పక్క పొలం ఐలయ్యను పట్టుకున్నారు.

"ఐలయ్యగారూ, కాస్త చెత్త కావాలండి."

"నా తాన చెత్త యాడిది సార్?"

"అదుగో, ఆ కుప్ప."

"గది ఎరువు సార్. వానలు వడంగనే సల్లాలె."

"ఒక్క రోజుకు చెత్త అనుకోండి. మంత్రిగారు చూసి వెళ్ళగానే మళ్ళీ ఎరువు అనుకుందురుగాని."

ఆయన ముఖం చూసి ఐలయ్యకు జాలి వేసింది. "తీస్కపోండ్రి గని, జర జల్ది తేవాలె."

సాయంత్రానికి కేంద్రం మధ్యలో చెత్త కొలువుతీరింది. దాన్ని చూసుకుని పట్టాభిరామయ్యగారి కడుపు నిండింది. పందులు రాకుండా కాపలా కూడా పెట్టించారు.

తెల్లవారగానే ఏర్పాట్లు చూడడానికి ప్రోటోకాల్ ఆఫీసరు సోమేశ్వరరావుగారు జీపులో దిగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటండీ ఇది?"

"చెత్తండి."

"మంత్రిగారు వస్తుంటే చెత్తా? మీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా లేదా?"

"ఇది చెత్త కేంద్రమండి."

"ఏదైతేనేం? మంత్రిగారు వస్తే ఊడ్చాలి, అది రూలు. శ్మశానానికి వచ్చినా ఊడ్పిస్తాం."

గంటలో ఊడ్చేశారు. సున్నపు గీతలు పడ్డాయి, షామియానా లేచింది. కుప్ప తిరిగి పొలం చేరింది. సారు మాట తప్పలేదని ఐలయ్య మెచ్చుకున్నాడు. సారుకు మాత్రం కళ్ళముందు ఆసిఫాబాదు బస్సు కనబడుతోంది.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి, లోపలంతా తిరిగి, గద్గదస్వరంతో మాట్లాడారు.

"నేను చాలా దేశాలు చూశాను. ఇంత శుభ్రమైన చెత్త కేంద్రం ఎక్కడా చూడలేదు. ఇది ఎప్పటికీ ఇలాగే ఉండాలి. అందుకు పూచీ మన స్పెషల్ ఆఫీసరు పట్టాభిరామయ్యగారిదే."

పట్టాభిరామయ్యగారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

ఇకమీదట చెత్తంతా కేంద్రానికే తోలాలని ఆర్డరు వెళ్ళింది. మర్నాడే బోరబండనుంచి బాలనర్సయ్య బండి తోలుకొచ్చాడు. స్పెషల్ ఆఫీసరుగారు చేతులు చాపి గేటుకు అడ్డం నిలబడ్డారు.

"ఇక్కడ కాదయ్యా."

"చెత్త కేంద్రం గిదే గద సార్?"

"ఇదే."

"మరి గీడ పొయ్యొద్దా?"

"పోస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఇగ యాడ పొయ్యాలె?"

"ఇన్నాళ్ళూ ఎక్కడ పోశావు?"

బాలనర్సయ్య బండిని పొలాలవైపు తిప్పాడు. స్పెషల్ ఆఫీసరుగారు గేటుకు తాళం వేసి, గదిలోకి వెళ్ళి, కేంద్రం చక్కగా పనిచేస్తోందని పైకి ఫోను చేశారు.