ఇంటికి వెళ్లే ఐదూ నలభై బస్సు

కోటిలంక బస్టాండులో ఎంక్వయిరీ గుమాస్తాగా చేస్తున్న గవర్రాజు ఒక సోమవారం పొద్దున కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బస్సుల టైములు చూపించే బోర్డుగా మారిపోయాడు. మధ్యాహ్నం దాకా ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన చెప్పేవీ ఆ టైములే. నిన్నటిదాకా అడిగితే చెప్పేవాడు, ఇప్పుడు అడక్కుండానే ఒంటినిండా చూపిస్తున్నాడు. ప్రయాణికులు ఇదేదో కొత్త సౌకర్యమనుకుని సంతోషించారు.

భార్య మంగతాయారు క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి డిపో మేనేజరు నూకరాజుగారు ఎదురొచ్చి, కుర్చీ వేయించి, టీ తెప్పించారు. మెకానిక్ ఇమ్మానియేలు ఆమెకు విషయం విడమరిచి చెప్పాడు.

"కంగారు పడకండమ్మా. సారు చర్మం కింద వెంట్రుక మందం బుడగలు లక్షల్లో ఉన్నాయండి. బుడగ నిండా నూనె, నూనెలో తెల్ల పొడి, నల్ల పొడి. తెలుపుకి మైనస్సు, నలుపుకి ప్లస్సు. కింద నుంచి కరెంటు తగిలిస్తే ఒకటి పైకొస్తది, రెండోది అడుక్కి పోద్ది. అక్షరం ఉన్నచోట నలుపు, మిగతా అంతా తెలుపు. అంతేనండి."

"మరి కరెంటు పోతేనో బాబూ?"

"పోయినా పర్లేదండి. ఎక్కడి పొడి అక్కడే ఉండిపోద్ది. అక్షరం మార్చాల్సొస్తేనే కరెంటు. మార్చకపోతే ఏళ్లయినా అలాగే ఉంటారు. సొంత వెలుగు మాత్రం ఉండదండి. టీవీలా మెరవరు, కాయితంలా ఎండలో బాగా కనిపిస్తారు."

మంగతాయారుకు ప్రాణం లేచొచ్చింది. జబ్బు కాదు, ఉద్యోగం పోలేదు, మనిషి ఎక్కడికీ వెళ్లలేదు. ఆమె ఇద్దరికీ దండం పెట్టింది.

మూడో రోజున పైనుంచి సర్క్యులరు వచ్చింది. మార్పు లేని రోజున బోర్డుకు కరెంటు అక్కర్లేదు గనక భోజనమూ అక్కర్లేదని అందులో ఉంది. నిజంగానే ఏ బస్సు టైమూ మారని రోజున గవర్రాజుకు ఆకలి వేసేది కాదు. దాంతో మంగతాయారు శివరాత్రి స్పెషళ్ల కోసం, తీర్థాల కోసం, వంతెన మరమ్మతుల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. దారి మళ్లించిన రోజున గోంగూర పప్పు వండి తెచ్చి, బోర్డు అంచున సన్నగా తెరుచుకునే నోట్లో ముద్దలు పెట్టేది. వర్షాకాలం వాళ్లకు బాగా గడిచింది.

నూకరాజుగారిది పొదుపు చేయి. టైము మారినప్పుడల్లా బోర్డంతా తుడిచి రాయించకుండా, మారిన గీత వరకే మార్పించేవారు. అలా చేస్తే పాత అక్షరాల మరక పూర్తిగా పోదు. ఆయన బోర్డయ్యాక రద్దయిన పదకొండూ ఇరవై బస్సు ఇంకా లేతగా కనిపిస్తూ ఉండేది. దానికోసం రోజూ నలుగురైదుగురు వచ్చి, కాసేపు నిలబడి, తృప్తిగా వెళ్లిపోయేవారు.

ఆ మరకలన్నిటికీ వెనకాల గవర్రాజు నవ్వు ఉంది. బోర్డు అయ్యే క్షణంలో ఎవరికో ఏదో చెప్పబోతూ నవ్వాడు కాబోలు, అది అలాగే అంటుకుపోయింది. సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా పడితేనే కనబడుతుంది. మంగతాయారు వంట ఉన్నా లేకపోయినా రోజూ నాలుగింటికి వచ్చేది అందుకే.

బోర్డు మీద ఎనిమిదింపావు బస్సుకీ తొమ్మిదింటి బస్సుకీ మధ్య నుంచి ఎవరో తనను చూస్తున్నారని ఒక ప్రయాణికుడు ఫిర్యాదు రాశాడు. బోర్డును మూడుసార్లు పూర్తిగా నల్లగా, మూడుసార్లు పూర్తిగా తెల్లగా చేసి, మరకలన్నీ పోగొట్టాలని ఆర్డరు వచ్చింది.

మంగతాయారు మేనేజరు గది తలుపు దగ్గర నిలబడింది.

"ఆ నవ్వొక్కటీ ఉంచెయ్యండి సార్. బస్సులకేం అడ్డం రావట్లేదు కదండీ."

నూకరాజుగారికి నిజంగానే మనసుకు కష్టమనిపించింది. "ఉంచాలనే ఉందమ్మా. బోర్డు మీద ఉండాలంటే అది సర్వీసై ఉండాలి. ఫారంలో ముఖానికి గడి లేదు."

"అయితే ఆయన్నే సర్వీసుగా రాసుకోండి. రోజూ ఐదూ నలభైకి ఇంటికి బయల్దేరేవారు కదండీ."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫారం చూశారు. ఎక్కడినుంచి, ఎక్కడికి, ఎన్నింటికి. కోటిలంక నుంచి ఇంటికి, ఐదూ నలభై. అన్ని గడులూ నిండాయి. అభ్యంతరం చెప్పడానికి ఏమీ కనబడక సంతకం పెట్టేశారు. మంగతాయారు కళ్లలో నీళ్లు తిరిగాయి.

శనివారం మధ్యాహ్నం ఇమ్మానియేలు తీగలు తగిలించాడు. బోర్డు నల్లబడింది, తెల్లబడింది, మళ్లీ నల్లబడింది. మంగతాయారు రెప్ప వేయకుండా చూసింది. పదకొండూ ఇరవై పోయింది. నవ్వు పోయింది. తెల్లటి బోర్డు మీద ఒక్కొక్కటిగా సర్వీసులు తేలి, అన్నిటికంటే అడుగున 'ఇల్లు 5.40' అని వచ్చింది. దాని పక్కన 'ఆలస్యం' అని ఉంది.

"బస్సు నంబరు ఇవ్వకపోతే అలాగే చూపిస్తదండి," అన్నాడు ఇమ్మానియేలు, తల దించుకుని.

"రద్దు అని రాలేదు కదా బాబూ?"

"లేదండి."

"చాల్లే."

మర్నాటినుంచి ఆమె నాలుగింటికి కాకుండా ఐదున్నరకు వచ్చి ఆఖరి ప్లాట్‌ఫారం దగ్గర నిలబడసాగింది. వారం తిరిగేసరికి ఆమె వెనక పదకొండుమంది చేరారు. పదకొండూ ఇరవై బస్సు వాళ్లు కూడా ఇటే వచ్చేశారు. కొత్తగా వచ్చినవాళ్లు, "ఇంటికేనాండీ?" అని అడుగుతారు. "ఇంటికేనండి. కాస్త లేటు," అని ముందున్నవాళ్లు చెబుతారు. ఎవరింటికని ఎవరూ అడగరు.

ఆ తరవాత బోర్డులో మార్పు రాలేదు. గవర్రాజుకు రెండేళ్లుగా ఆకలి వేయలేదు. సందెవేళకు వెలుగు తగ్గి బోర్డు కనబడకుండా పోతే, క్యూలోవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని నడిచి ఇళ్లకు వెళ్లిపోతారు. మర్నాడు వచ్చి చూస్తే ఆలస్యం ఆలస్యంగానే ఉంటుంది, రద్దు కాలేదు. అందుకు వాళ్లు పోయిన నెల నూకరాజుగారికి శాలువా కప్పి సన్మానం చేశారు. మంగతాయారు పూలదండ వేసింది.