ప్రమీల మాట్లాడని శనివారం

ఆ శనివారానికి ఇమ్మానుయేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మిషన్ బడిలో డ్రాయింగు మాస్టరు. ఆ రోజు సెలవు. కాఫీ తాగి, తలంటుకుని, వరండాలో పడక్కుర్చీ వేసుకుని మధ్యాహ్నం దాకా కళ్లు మూసుకోవాలి. అంతే. కాఫీ వచ్చింది. దాంతో పాటు రోజూ వచ్చే మాటలు మాత్రం రాలేదు.

భార్య ప్రమీల ఆస్పత్రిలో నర్సు. వార్డులో జరిగిందంతా మొగుడి చెవిన వేస్తే గాని ఆమెకు తెల్లవారదు. అలాంటి మనిషి మెడకు మఫ్లరు చుట్టుకుని, గ్లాసు అక్కడ పెట్టి, నోరు మెదపకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇమ్మానుయేలుకు ముందు హాయిగానే ఉంది. రెండు గుటకలయ్యాక భయం వేసింది.

"ఏమయింది ప్రమీలా? నేనేమన్నా చేసినానా?"

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత వేలు పైకి చూపించింది. చిన్నగా నవ్వింది కూడా.

ఆ సైగను ఇమ్మానుయేలు బొమ్మ గీసేవాడిలా అన్ని వైపుల నుంచీ చూశాడు. గొంతు దాకా వచ్చింది, ఇక పైవాడికే చెప్పుకుంటాను అని తప్ప ఇంకో అర్థం కనబడలేదు. తొంగి చూస్తే, ఆమె పొయ్యి దగ్గర నిలబడి చప్పుడు లేకుండా పెదవులు కదుపుతోంది. చెప్పుకోవడం అప్పుడే మొదలైందన్నమాట.

మామూలు రోజైతే ఊరుకునేవాడేమో. కాని మర్నాడు గుడిలో ప్రభువు బల్ల. ఎవరితో ఏ మనస్పర్థ ఉన్నా ముందు సమాధానపడి గాని ఆ రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. సమాధానపడదామంటే దేని గురించో తెలియదాయె. పెళ్లికి ముందు గుడిలో ఆమె పాట విని మనసు పారేసుకున్నవాడతను. రాత్రి డ్యూటీలతో పాట ఆగిపోయింది, మాటలు మిగిలాయి. ఇప్పుడు అవీ పోతే ఈ ఇంట్లో తనకేం మిగులుతుంది?

నేరుగా పక్క వీధిలో ఉన్న సంఘపెద్ద శామ్యూల్ గారి దగ్గరికి పరిగెత్తాడు.

"సుమ్మనే ఊరుకుంటే ముదురుతాది అప్పా," అన్నాడాయన. "మా గ్రేసును పిలుచుకొని వస్తా. ఆడోళ్ల సంగతి ఆడోళ్లకే తెలుస్తాది."

గ్రేసమ్మ స్త్రీల సమాజం అధ్యక్షురాలు. మధ్యాహ్నానికి బైబిలు పట్టుకుని, ఇంకో ఇద్దరు సభ్యురాళ్లను వెంటబెట్టుకుని, భర్తతో సహా దిగింది. ప్రమీల బిత్తరపోయి చాప పరిచింది.

"ఏం ప్రమీలా, కొట్టినాడా?"

ప్రమీల గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"చెప్పుకునేదానికి కూడా భయపడతా ఉండాది పాపం," అంది ఒకామె.

ప్రమీల మళ్లీ గొంతు చూపించింది.

"గొంతు పిసికినాడంట!" అంది రెండో ఆమె. అందరూ ఇమ్మానుయేలు చేతుల వైపు చూశారు. సుద్దముక్క తప్ప ఇంకేదీ నలిపి ఎరగని చేతులవి. కమిలిన గుర్తు చూద్దామని ఒకామె మఫ్లరు పట్టుకుంటే ప్రమీల వదల్లేదు. దాంతో ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"దాచొద్దప్పా. అంతా ఒప్పుకో. ఒప్పుకుంటేనే సమాధానం," అని శామ్యూల్ గారు గంభీరంగా సెలవిచ్చాడు.

ఇమ్మానుయేలు కళ్లు మూసుకున్నాడు. "ప్రమీలా, పోయిన నెల మీ అమ్మ వచ్చినప్పుడు బళ్లో పరీక్షలని చెప్పినా గదా. పరీక్షలు లేవు. ఆమె ఉన్నన్నాళ్లూ కబ్బన్ పార్కులో కూర్చున్నా."

ప్రమీల కనుబొమలు పైకి లేచాయి. ఆ సంగతి ఆమె వినడం అదే మొదలు.

శామ్యూల్ గారు దగ్గాడు. "చాలప్పా, చాలు. ప్రార్థన చేద్దాం."

మొదలుపెట్టాక ఇమ్మానుయేలుకు ఆగడం తెలియదు. "ఒంటరిగా కాదులే. ఈయన కూడా ఉన్నారు. చెనక్కాయలు ఈయనే తెచ్చినారు."

గ్రేసమ్మ బైబిలు మూసింది. "నేను జరంతో పడుకోని ఉంటే, గుడి పైకప్పు కమిటీ అని పోతిరే! పైకప్పు పార్కులో ఉండాదా?"

"అట్ల కాదే, కమిటీనే అక్కడ..."

ఆ తర్వాతి గలాటాకు వీధిలో జనం ఆగారు. ప్రమీల పొద్దుటి నుంచీ పట్టిన బిగువు ఇక నిలవలేదు.

"అయ్యో, ఆపండక్కా! నన్నెవరూ కొట్టలా. రేపు దేవుని గుడిలో పాడాలని గొంతుకు రెస్టు ఇచ్చినా, అంతే! నోరు తెరవొద్దని పాటల మాస్టరు చెప్పినాడు. పాట మానేసినావే అని ఈయన ఎన్నేండ్లుగానో అడుగుతా ఉన్నారు, చెప్పకుండా పాడి వినిపిద్దామని..." అక్కడికి గొంతు జీరబోయింది.

ఇమ్మానుయేలుకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పొయ్యి ముట్టించి మిరియాల కషాయం తనే కాచి తెచ్చాడు.

"సమాధానమేనా?" అని అడిగితే ఆమె తల ఊపింది.

ఆదివారం ప్రమీల పాడింది. రెండో చరణంలో గొంతు పగిలిందని అందరూ అన్నారు, ఇమ్మానుయేలుకు మాత్రం వినబడలేదు. కళ్లు తుడుచుకుంటూ ఆమెతో కలిసి బల్ల దగ్గరికి నడిచాడు. సమాధానం కుదరక కూర్చున్నచోటే ఉండిపోయినవాళ్లు ఇద్దరే. ఆడవాళ్ల వైపు గ్రేసమ్మ, మగవాళ్ల వైపు శామ్యూల్ గారు.

ఇంటికి నడుస్తుండగా ప్రమీల మఫ్లరు తీసి మడిచింది.

"పాట అయిపాయె. ఇంక మాట్లాడేదానికి అడ్డం లేదు. ఆ కబ్బన్ పార్కు సంగతి మొదట్నించీ చెప్పండి."

"నిన్న తల ఊపితివే? క్షమించినావనుకున్నానే!"

"క్షమించినా. విడిచిపెట్టినానని ఎవరు చెప్పినారు?"

ఆ వారమంతా ఆ ఇంట్లో గొంతుకు విశ్రాంతి ఇచ్చింది ఇమ్మానుయేలు.